అటక మీది చెక్క రాకెట్: గుర్తించడం, వయసు కట్టడం, కాపాడటం

చిత్తూరు, తిరుపతి వంటి ఊళ్లలో పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు అటక మీది నుంచి దిగే సామానులో ఇత్తడి గంగాళాలు, ఆగిపోయిన గడియారాలు, చట్రం ఊడిన ఫొటోలతో పాటు అప్పుడప్పుడు ఒక చెక్క టెన్నిస్ రాకెట్ కూడా కనిపిస్తుంది. తాతగారు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏ క్లబ్బులోనో, చదువుకునే రోజుల్లో ఏ కాలేజీ మైదానంలోనో దానితో ఆడారన్నంత వరకే ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటుంది. పాత సామాన్ల అంగడికి చేరితే దాన్ని కట్టెల లెక్కన తూస్తారు, లేదా నిగనిగలాడే వార్నిష్ పూసి హోటల్ గోడకు తగిలించుకునేవారికి అమ్ముతారు. ఈ రెండూ కాక మరో దారి ఉంది. అది ఎప్పటిదో, ఎవరు చేసినదో దాని ఒంటి మీది గుర్తులను బట్టి తేల్చుకొని, ఉన్న స్థితిలోనే ఇంకో యాభై ఏళ్లు నిలిచేలా చూసుకోవచ్చు. ఆ పనిని వరుసగా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పాత రాకెట్లకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం అటక మీద గడిపిన యాభై ఏళ్లలో కాక, చేతికి దొరికిన మొదటి రెండు రోజుల్లో జరుగుతుందని నా అనుభవం. నాకు దొరికిన మొదటి రాకెట్‌ను ఉత్సాహం ఆపుకోలేక ఉప్పు కాగితం పెట్టి రుద్దాను. సాయంత్రానికి కొయ్య కొత్తదానిలా మెరిసింది కానీ, మెడ మీద వెలిసిపోయి కనిపించిన ముద్ర, పక్కన చెక్కిన అంకె రెండూ పొడిగా మారి నేల మీద పడి ఉన్నాయి. అది ఎవరు చేసిన రాకెట్టో ఇక ఎవరూ చెప్పలేరు. అందుకే మొదటి వారం రోజులు నీళ్లు, నూనె, స్పిరిట్, గరుకు కాగితం ఏవీ దాని దరిదాపులకు రాకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

మొదటి అడుగు: ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకోవడం

కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని వెలుతురులో రాకెట్‌ను తెల్లటి పంచె మీద ఉంచి ముందు, వెనక, రెండు పక్కలు, పిడి అడుగుభాగం, మెడ లోపలి వంపు విడివిడిగా ఫొటోలు తీయాలి. వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడితే మామూలు చూపుకు అందని ముద్రలు నీడలుగా పైకి తేలుతాయి. రాత్రిపూట సెల్‌ఫోన్ లైటును కొయ్యకు దాదాపు ఆనించి అడ్డంగా వేసి చూసినా ఇదే ఫలితం వస్తుంది. కనిపించిన ప్రతి అక్షరాన్నీ, సగం చెరిగినదైనా సరే, నోటు పుస్తకంలో ఎక్కించాలి.

తరవాత కొలతలు. పొడవు సాధారణంగా 27 అంగుళాలు, అంటే 68 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. వంటింటి తూకంలో పెట్టి బరువు చూడాలి. చెక్క రాకెట్లు ఎక్కువగా 13 నుంచి 15 ఔన్సుల మధ్య ఉండేవి. ఒక ఔన్సు అంటే 28 గ్రాములకు కొంచెం ఎక్కువ కనుక 14 ఔన్సుల రాకెట్ దాదాపు 397 గ్రాములు తూగుతుంది. మెడ మీదో పిడి పక్కనో 13½ వంటి అంకె చెక్కి ఉంటే అది సంవత్సరమో, మోడల్ నంబరో కాదు, ఔన్సుల్లో బరువు. చెక్కిన అంకె కంటే ఇప్పటి తూకం బాగా తక్కువ ఉంటే కొయ్య లోపల పురుగు తొలిచిందేమోనని అనుమానించాలి.

మూడోది వంకర చూడటం. గాజు బల్ల మీద రాకెట్ తలను పడుకోబెట్టి చుట్టూ ఎక్కడ సందు వస్తోందో గమనించాలి. ఆ తరవాత పిడి చివర కంటి దగ్గర పెట్టుకొని తుపాకీ గురిచూసినట్టు తల వైపు చూస్తే మెలి ఎటు తిరిగిందో తెలిసిపోతుంది. సందు ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోవాలి, ఆ లెక్కతో చివర్లో పని ఉంది.

ఇక పురుగు. నల్లటి కాగితం మీద రాకెట్‌ను మెల్లగా తట్టండి. గోధుమపిండి లాంటి మెత్తటి పొడి రాలినా, గుండుసూది తల అంత రంధ్రాలు కనిపించినా దాన్ని మిగతా కొయ్య సామాను నుంచి వెంటనే వేరు చేసి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి మూడు, నాలుగు వారాలు గమనించాలి. సంచి అడుగున కొత్తగా పొడి చేరితే పురుగు బతికే ఉన్నట్టు. చేరకపోతే అవి ఎప్పటివో పాత రంధ్రాలే, వాటిని చూసి హడావుడి పడనక్కరలేదు.

రెండో అడుగు: అది నిజంగా టెన్నిస్ రాకెట్టేనా?

ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు కానీ, పాత సామాన్ల అంగళ్లలో నా కంటపడ్డ పురాతన టెన్నిస్ రాకెట్లలో చాలావరకు బ్యాడ్మింటన్‌వి, స్క్వాష్‌వి. బ్యాడ్మింటన్ రాకెట్ చేతిలోకి తీసుకోగానే తేలికదనం చెప్పేస్తుంది. పాత స్క్వాష్ రాకెట్ తల చిన్నగా, గుండ్రంగా ఉండి, మెడ సన్నగా పొడుగ్గా సాగుతుంది. టెన్నిస్ రాకెట్ తల కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మెడ దగ్గర చీలికచెక్క అనే ముక్కోణపు కొయ్య ముక్క ఉంటుంది, పిడి దృఢంగా ఎనిమిది పలకలతో ఉంటుంది.

అసలైన ఉచ్చు మరొకటి. నాలుగు గోడల మధ్య ఆడే పాత రాచ టెన్నిస్ ఇంగ్లండ్‌లో ఈనాటికీ బతికే ఉంది. దాని రాకెట్ తల ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, ఇప్పటికీ కొయ్యతోనే తయారవుతుంది. కేంబ్రిడ్జ్‌కు చెందిన గ్రేస్ సంస్థ పేరు ఆ రాకెట్లకు ప్రసిద్ధం. ఇప్పుడు మనం టెన్నిస్ అని పిలిచే లాన్ టెన్నిస్ మొదలైన 1870లలో తొలి రాకెట్లు కూడా ఆ రాచ టెన్నిస్ రాకెట్లనే పోలి ఒరిగిన తలతో ఉండేవి. కనుక ఒరిగిన తల కనిపించగానే దాదాపు 150 ఏళ్ల నాటిదని ఉప్పొంగిపోకుండా, ముందు బరువు చూడాలి, వార్నిష్ తాజాదనం చూడాలి, గట్ల, అంటే తలలో అల్లిన తీగల, బిగువు వేలితో మీటి చూడాలి. బరువుగా, బండగా ఉండి, మందమైన గట్లు గట్టిగా మోగుతుంటే అది ఇటీవలి రాచ టెన్నిస్ రాకెట్ కావచ్చు.

మూడో అడుగు: వయసు కట్టడం

తయారీదారు పేరు కోసం అందరూ ముందు వెతుకుతారు. నేను పేరును చివరికి వదిలేస్తాను. పేరును అతికించవచ్చు, చెరపవచ్చు, పైగా ఒకే పేరు యాభై ఏళ్లపాటు వాడుకలో ఉండి ఉండవచ్చు. కొయ్యను వంచిన తీరు, మెడ ఆకారం, పిడి చెక్కడం మాత్రం ఆయా కాలపు పనితనానికి కట్టుబడి ఉంటాయి.

తల ఆకారం మొదటి సాక్షి. వాల్టర్ క్లాప్టన్ వింగ్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1874లో లాన్ టెన్నిస్ ఆటకు పేటెంట్ పొందాడు. వింబుల్డన్ పోటీలు 1877లో మొదలయ్యాయి. ఆ తొలి దశాబ్దపు రాకెట్ల తల ఒరిగి ఉండేది. 1880లలో తల నిటారుగా అయి, పైభాగం కత్తిరించినట్టు చదునుగా ఉన్న రాకెట్లు వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఇప్పుడు మనకు అలవాటైన అండాకారం స్థిరపడింది. మన అటకల మీద దొరికేవి దాదాపు అన్నీ అండాకారపువే. ఒరిగిన తల గానీ చదును తల గానీ నిజంగా దొరికితే, దాన్ని ఎవరికీ బాగుచేయమని ఇవ్వకండి.

రెండో సాక్షి మెడ దగ్గరి చీలికచెక్క. రాకెట్ చట్రం పూర్వం యాష్ అనే చెట్టు కొయ్యతో చేసిన ఒకే పొడవాటి బద్దెను ఆవిరిలో మెత్తబరచి, అచ్చు చుట్టూ వంచి చేసేవారు. బద్దె రెండు కొసలూ కిందికి దిగి పిడిలో కలుస్తాయి. అవి విడిపోయే చోట మిగిలే ముక్కోణపు ఖాళీలో వేరే కొయ్య ముక్క బిగించి అతికిస్తారు. దాని పై అంచు తల లోపలికి ఉబ్బి ఉంటే రాకెట్ పాతకాలపుదని, అండాకారాన్ని పూర్తిచేస్తున్నట్టు లోపలికి వంగి ఉంటే తరవాతి కాలపుదని చెప్పవచ్చు. మార్పు ఒక్క ఏడాదిలో రాలేదు కానీ, ఉబ్బిన మెడ ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దపు లక్షణం.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగినది, చట్రం అంచు. భూతద్దం పెట్టి తల అంచును పక్క నుంచి చూడాలి. ఒకే కొయ్య నార చుట్టూ తెగకుండా సాగితే అది ఒంటిబద్దె చట్రం. పలుచటి పొరలు తమలపాకుల కట్టలా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గీతలు కనిపిస్తే అది పొరల చట్రం. ఒంటిబద్దె చట్రం తేమకు తొందరగా మెలితిరుగుతుంది. పలుచటి పొరలను జిగురుతో కలిపి వంచితే ఒక పొర మెలిని మరో పొర అడ్డుకుంటుంది, బలమూ పెరుగుతుంది. డన్‌లప్ సంస్థ 1931లో మాక్స్‌ప్లై పేరుతో తెచ్చిన రాకెట్ ఈ పద్ధతికి పెట్టింది పేరు. 1930లలో పొరల పద్ధతి ఒంటిబద్దెను వెనక్కు నెట్టింది. కాబట్టి గీతలు లెక్కపెట్టగలిగారంటే మీ చేతిలోది 1930ల తరవాతిది అయ్యే అవకాశమే ఎక్కువ.

పిడి నాలుగో సాక్షి. 1920ల దాకా పిడికి తోలు చుట్టడం తక్కువ. చెమట చేతిలో జారకుండా కొయ్య మీదే నిలువు గాళ్లు దువ్వెన పళ్లలా చెక్కేవారు, లేదా గళ్లు గళ్లుగా గీతలు కోసేవారు. పిడి కొస చేప తోకలా రెండుగా విచ్చుకున్నవి, విసనకర్రలా వెడల్పయినవి, గడ్డలా ఉబ్బినవి 1880ల నుంచి 1910ల మధ్య కనిపిస్తాయి. సేకరించేవారు వీటి కోసమే పోటీ పడతారు. పిడి అడుగున సన్నటి తోలు పట్టీ చిన్న మేకులతో కొట్టి ఉండి, మిగతా పిడి ఉత్తి కొయ్యే అయితే మొదటి ప్రపంచ యుద్ధానికి అటూ ఇటూ ఉన్న కాలమని ఊహించవచ్చు. పిడి నిండా చుట్టిన తోలు 1930ల నుంచి మామూలయింది. ఆ తోలు తరవాత ఎవరో చుట్టించింది కూడా కావచ్చు, కనుక దీన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోకూడదు.

గట్లు కూడా సాక్ష్యం చెబుతాయి గాని అబద్ధాలూ చెబుతాయి. అసలైన గట్టును గొర్రె, ఆవు వంటి జంతువుల పేగు నారతో పేనేవారు. పిల్లి పేగు అన్నది ఉత్త మాట. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో బాబోలా కుటుంబం 1875 నాటికే టెన్నిస్ కోసం ఇలాంటి గట్టు తయారుచేసింది. తలకు పైన, కింద గట్ల మధ్య సన్నటి రంగు దారం అల్లి ఉంటే అది తొలి కాలపు అలంకారం. నైలాన్ ప్రపంచానికి పరిచయమైందే 1938లో. చదును తల రాకెట్‌కు నైలాన్ గట్లు ఉంటే రాకెట్ నకిలీ అని కాదు, మధ్యలో ఎవరో మళ్లీ గట్టింగ్ చేయించుకొని ఆడారని అర్థం. తెగి వేలాడే కొసను చిటికెడు కోసి కాలిస్తే జంతు గట్టు కాలిన వెంట్రుక వాసన వేస్తుంది, నైలాన్ కరిగి ముద్ద కడుతుంది.

చివరగా అక్షరాలు. పాత రాకెట్ల మీద తయారీదారు పేరు కొయ్యలోకి దిగేలా వేడిగానో ఒత్తిడితోనో ముద్ర కొట్టేవారు. రంగురంగుల అతికింపు బొమ్మలు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో వ్యాపించాయి. ఆటగాడి ఫొటో, సంతకం ముద్రించిన బొమ్మలు ఆ తరవాతివి. ఇక్కడే మన దేశానికి ప్రత్యేకంగా పనికొచ్చే ఒక సూచన ఉంది. ముద్రలో సియాల్‌కోట్ పేరు పక్కన ఇండియా అని ఉంటే ఆ రాకెట్ 1947 ఆగస్టుకు ముందుదే కావాలి, ఆ తరవాత ఆ ఊరు పాకిస్తాన్‌లోది.

నాలుగో అడుగు: చేసినవారెవరు?

ముద్రలోని ప్రతి పేరూ తయారీదారుది కాదు. కొన్నిసార్లు అది అమ్మిన దుకాణం పేరు. బొంబాయి, కలకత్తాల్లో శాఖలు నడిపిన ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ వంటి దుకాణాలు వేరేవారు చేసిన సరుకు మీద తమ పేరు వేసుకునేవి. రెండు పేర్లు ఉంటే పెద్దది దుకాణానిది, మూలన ఉన్న చిన్నది చేసినవారిది కావచ్చునని గుర్తుంచుకోవాలి.

మన ప్రాంతంలో దొరికే విదేశీ రాకెట్లలో స్లాజెంజర్ పేరు ముందుంటుంది. రాల్ఫ్, ఆల్బర్ట్ స్లాజెంజర్ సోదరులు 1881లో లండన్ కానన్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచారు. 1902 నుంచి వింబుల్డన్‌కు బంతులు సరఫరా చేస్తున్నదీ ఈ సంస్థే. ముద్రలో కానన్ స్ట్రీట్ చిరునామా ఉంటే అది సంస్థ తొలి దశకు చెందిందని భావించి జాగ్రత్తపడాలి. లండన్‌కే చెందిన ఎఫ్. హెచ్. ఆయర్స్, ఊలిచ్‌కు చెందిన జెఫరీస్ పేర్లు విక్టోరియా కాలపు రాకెట్ల మీద కనిపిస్తాయి. ఇవి ఇక్కడ దొరకడం అరుదు, దొరికితే అదృష్టం.

డన్‌లప్ మాక్స్‌ప్లై ఫోర్ట్ మాత్రం అరుదు కాదు. ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ లేవర్ ఆడింది ఈ రకంతో, అమెరికా ఆటగాడు జాన్ మెకన్రో 1981లో వింబుల్డన్ గెలిచింది కూడా దీనితోనే. అదే చెక్క రాకెట్‌తో వింబుల్డన్ పురుషుల టైటిల్ గెలిచిన చివరిసారి. దశాబ్దాలపాటు వచ్చిన రాకెట్ కనుక పేరును బట్టి సంవత్సరం తేలదు. బొమ్మ రంగులు, అక్షరాల తీరు, మెడ మీది అలంకారం పోల్చుకోవాలి.

అమెరికా రాకెట్లు మనకు తక్కువగా వచ్చాయి. స్పాల్డింగ్, బోస్టన్‌లోని రైట్ అండ్ డిట్సన్, రోడ్ ఐలండ్ రాష్ట్రపు బాన్‌క్రాఫ్ట్, నారగన్సెట్ వంటివి ముద్రలో కనిపిస్తే చాలావరకు విదేశాల నుంచి ఎవరో వెంట తెచ్చుకున్నవే అయి ఉంటాయి. అమెరికా ఆటగాడు జాక్ క్రామర్ పేరుతో విల్సన్ సంస్థ తెచ్చిన రాకెట్ కథ వేరు. చిత్తూరులో ఒకాయన, "సామీ, ఇది ఆయన చేత్తో సంతకం పెట్టిచ్చిన రాకెట్టు, మా పెదనాయన దగ్గరుండి పెట్టించుకున్నాడు," అని నన్ను పిలిపించాడు. ఆ సంతకం అతికింపు బొమ్మలో అచ్చయినది, అటువంటివి లక్షల్లో తయారయ్యాయి. ఆయన మనసు కష్టపెట్టకుండా ఆ సంగతి చెప్పడానికి రెండు కాఫీలు తాగాల్సి వచ్చింది. బెల్జియంలోని కువాన్ ఊరికి చెందిన డొనే సంస్థ రాకెట్లు స్వీడన్ ఆటగాడు బోర్గ్ చేతి వల్ల 1970లలో పేరు పొందాయి, వీటికీ ఇదే మాట వర్తిస్తుంది.

నిజానికి మనం ఎక్కువ గౌరవంతో చూడాల్సినవి మన దేశపు రాకెట్లేనని నా అభిప్రాయం. విదేశీ పేర్ల గురించి పుస్తకాలున్నాయి, ఇవి మాత్రం కట్టెల మోపులోకి పోతున్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి సియాల్‌కోట్ క్రీడా సామగ్రికి కేంద్రంగా ఎదిగింది. ఉబెరాయ్ వంటి సంస్థలు అక్కడివే. దేశ విభజనతో ఆ పనివారిలో చాలామంది జలంధర్‌కు, మీరట్‌కు తరలివచ్చి కొత్తగా పని మొదలుపెట్టారు. యాష్ కొయ్య ఖరీదు కనుక అక్కడివారు పంజాబ్‌లో దొరికే మల్బరీ కొయ్యను బాగా వాడారు. మల్బరీ పసుపు ఛాయతో మొదలై, గాలికి, వెలుతురుకు గోధుమ రంగులోకి తిరుగుతుంది. యాష్ తెల్లగా, పొడవాటి స్పష్టమైన చారలతో ఉంటుంది. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీ ముదురు కొమ్మ ఒకటి తెచ్చి నిలువుగా చీల్చి పక్కన పెట్టుకుంటే ఈ తేడా కంటికి అలవాటవుతుంది. మన టెన్నిస్ ఆటగాడు రామనాథన్ కృష్ణన్ 1960, 1961ల్లో వరసగా వింబుల్డన్ సెమీఫైనల్స్‌కు చేరిన రోజుల్లో మన కాలేజీ పిల్లలు పట్టుకున్నవి ఎక్కువగా ఈ జలంధర్, మీరట్ సరుకే.

అయిదో అడుగు: శుభ్రం చేయడం

వారం గడిచింది, నోటు పుస్తకం నిండింది, ఇప్పుడు చేతులు పెట్టవచ్చు. మొదట పొడి పని. మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో గట్ల మధ్య, గట్లు దిగే రంధ్రాల చుట్టూ, పిడి గాళ్లలో దుమ్ము తీయాలి. అతికింపు బొమ్మ పొరలు లేచి ఉంటే ఆ చోటును ముట్టుకోకూడదు.

పొడి పనితో పోని మురికికి గోరువెచ్చని నీటిలో ఒక చుక్క మెత్తటి సబ్బు కలిపి, పాత నూలు గుడ్డ ముంచి, చేతిలో పిండితే చుక్క రాలనంతగా పిండి, వేలెడంత చోటు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. ఆ పాటి తేమ కూడా అతుకుల మీద నిలవకూడదు. పాత రాకెట్ల అతుకులు మన వడ్రంగులు వజ్రం అని పిలిచే జంతు జిగురుతో వేసినవి. ఆ జిగురు నీటికి, వేడికి మెత్తబడుతుంది. మే నెలలో తిరుపతి ఎండలో నిలిపిన కారు డిక్కీలో రాకెట్‌ను రెండు గంటలు వదిలేస్తే చీలికచెక్క దానంతట అదే ఊడి రావచ్చు. ఆ ఎండ గురించి ఇంకేమీ చెప్పనక్కరలేదు.

పైపూత ఏదో తెలియాలంటే పిడికి దగ్గరగా, కనిపించని చోట, దూది మొనను స్పిరిట్‌లో ముంచి ఆవగింజంత తాకించి చూడాలి. జిగటగా మారి దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క పాలిష్. అలాంటి రాకెట్ మీద ఇక స్పిరిట్ వాడనే కూడదు. అరిగిన చోట లక్క పాలిష్‌నే పలుచగా ఒక పూత వేయవచ్చు, కానీ ముద్రల మీద, బొమ్మల మీద వద్దు. మొత్తం ఆరాక తేనెమైనం ఆధారంగా చేసిన పాలిష్‌ను గోరంత తీసుకొని గుడ్డతో రుద్దితే చాలు. కొబ్బరినూనె, ఆవనూనె, ఆముదం పట్టించమని సలహా ఇచ్చేవారు మన దగ్గర పుష్కలంగా ఉంటారు. నూనె కొయ్యలోకి ఇంకి నల్లబరుస్తుంది, ధూళిని పట్టుకుంటుంది, పురుగులను పిలుస్తుంది. తోలు పిడికి కూడా నూనె వద్దు, పొడి బ్రష్షు చాలు.

ఆరో అడుగు: విరిగినవి, పగిలినవి, మెలితిరిగినవి

ఊడిన చీలికచెక్కను తిరిగి అతికించడం ఇంట్లో చేయగల పనే. పాత జిగురు పొడిని గోరుతో గీకి తీసి, కొత్త జంతు జిగురును వేడి నీటి గిన్నెలో కరిగించి, పలుచగా రాసి, దారంతో చుట్టి రాత్రంతా వదిలేయాలి. తెల్ల జిగురు సులభమే కానీ, రేపు ఎవరైనా విప్పి సరిచేయాలనుకుంటే అది కొయ్యతో సహా ఊడుతుంది. చట్రంలో నిలువు పగులుంటే సన్నటి కొసతో జిగురు ఎక్కించి పట్టుకర్రలతో నొక్కి ఉంచాలి. అడ్డంగా విరిగినదాన్ని అతికించినా బలం రాదు, ప్రదర్శనకు పెట్టుకోవడమే.

ఏదైనా ముక్క కొత్తగా చెక్కించాల్సి వస్తే శ్రీకాళహస్తికి దగ్గరలోని మాధవమాల కొయ్యబొమ్మల పనివారి చేతికి ఇవ్వడం నాకు ఇష్టం. నార ఎటు పోతోందో చూసి చెక్కే అలవాటు వాళ్లకు తరతరాలుగా ఉంది. కానీ దానికి ఎర్రచందనం వాడదామని ఎవరైనా ముచ్చటపడితే ఒప్పుకోకండి. చట్టం అడ్డమన్నది ఒక సంగతి, అంత గట్టి, బరువైన కొయ్య యాష్ పక్కన ఇమడదన్నది ఇంకో సంగతి. లేత రంగులో, నిలువు నార ఉన్న కొయ్య చాలు. కొత్త ముక్కను పాతదానిలా కనిపించేలా రంగు వేయించకుండా, ఏది ఎప్పుడు చేయించారో నోటు పుస్తకంలో రాయాలి.

బతికిన పురుగుకు మార్కెట్లో దొరికే కొయ్యపురుగు మందును రంధ్రాల్లోకి సూదితో ఎక్కించవచ్చు. గట్లకు, బొమ్మలకు అది తగలకూడదు. కలరా ఉండలను రాకెట్‌కు ఆనించి పెట్టకండి, వాటి ఆవిరి పాత పూతలను మెత్తబరుస్తుంది.

మెలి తీయడానికి ఓపిక ఒక్కటే మందు. రాకెట్ ప్రెస్సు అంటే నాలుగు మూలలా బోల్టులు, రెక్కల నట్లు ఉన్న రెండు కొయ్య చట్రాలు. తలను వాటి మధ్య పెట్టి, ఎదురెదురు మూలలను మార్చి మార్చి ఒక్కో చుట్టు బిగించాలి. ఒకే మూలను ముందుగా పూర్తిగా బిగిస్తే ఉన్న మెలికి తోడు కొత్త మెలి వస్తుంది. వారానికి పావు చుట్టు చొప్పున, రెండు మూడు నెలలు. ఆవిరి పట్టి వంచుదామన్న ఆలోచన వస్తే దాన్ని అణచుకోవాలి, అతుకుల సంగతి ముందే చెప్పాను. పూర్తిగా తిన్నగా రాకపోయినా, సందు సగానికి తగ్గితే పని బాగా జరిగినట్టే. ఒక అవ్వ ఇంట్లో రాకెట్‌ను అడిగితే ఇచ్చింది గాని, ప్రెస్సును మాత్రం అప్పడాల పిండి నొక్కడానికి పనికొస్తోందని ఇవ్వనంది. దొరికితే పాత ప్రెస్సునూ వదలకండి. దానికి నాలుగు గాళ్ల నక్షత్రపు తల మరలు ఉంటే మాత్రం అవి 1930లకు ముందువి కావని గుర్తించాలి.

గట్ల సంగతి

ఈ విషయంలో నేను కఠినంగా ఉంటాను. ఒంటిబద్దె చట్రం ఉన్న రాకెట్‌కు మళ్లీ గట్టింగ్ చేయించకూడదు. కొత్త గట్ల బిగువు ఆ కొయ్యను ఒక్క పట్టున విరిచేస్తుంది, యంత్రం మీద ఉండగానే టప్పుమన్న శబ్దం వినిపించిన సందర్భాలు చూశాను. తెగిన గట్లను అలాగే ఉంచడం, వేలాడే కొసలను సన్నటి నూలుతో కట్టి ఆపడం సరిపోతుంది. పాత జంతు గట్టులో బిగువు ఎలాగూ చచ్చిపోయి ఉంటుంది కనుక చట్రానికి ప్రమాదం లేదు. మాక్స్‌ప్లై వంటి పొరల రాకెట్ గట్టిగా ఉండి, మీకు నిజంగా ఆడాలని ఉంటే 50 పౌండ్ల బిగువుకు మించకుండా మెత్తటి గట్టు వేయించవచ్చు. యూనివర్సిటీ కోర్టులో అలాంటి రాకెట్‌తో ఒక సాయంత్రం ఆడితే, తల చిన్నదిగా ఉండటం వల్ల బంతిని సరిగ్గా మధ్యకు తీసుకోవాల్సిన అవసరం ఎంతటిదో చేతికి అర్థమవుతుంది. బంతి కొంచెం పక్కకు తగిలిందా, మోచేతి దాకా జివ్వుమంటుంది.

ఏడో అడుగు: దాచుకోవడం

మన వాతావరణంలో రాకెట్‌కు రెండు శత్రు కాలాలున్నాయి. మార్చి నుంచి జూన్ వరకు కొయ్య ఎండి ముడుచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమకు ఉబ్బుతుంది. ఈ ముడుచుకోవడం, ఉబ్బడమే అతుకులను విప్పుతుంది. కాబట్టి అటక మీద గానీ, రేకుల కప్పు కింద గానీ, వంటగది గోడకు గానీ, ఏసీ గాలి నేరుగా తగిలే చోట గానీ ఉంచకూడదు. ఇంటి మధ్య గదిలో, బయటి గోడకు ఆనని కొయ్య బీరువా మేలు. ప్రెస్సులో పెట్టి పడుకోబెట్టాలి. గోడకు తగిలించాలనుంటే తల చట్రానికి రెండు కొయ్య మేకుల ఆధారం ఇవ్వాలి, గట్లను మేకుకు వేలాడదీయకూడదు. జంతు గట్టు ఎలుకలకు, బొద్దింకలకు ఆహారం కనుక పలుచటి నూలు సంచి తొడగాలి. ప్లాస్టిక్ సంచి తేమను లోపలే బంధిస్తుంది. తేమ పీల్చే సిలికా పొట్లాలు రెండు పక్కన పెట్టి వానాకాలంలో మార్చాలి.

కొనుక్కునేవారికి చిన్న మాట. తిరుపతి, చిత్తూరు అంగళ్లలో దొరకనివి చెన్నై, బెంగళూరుల పాత సామాన్ల బజార్లలో దొరుకుతాయి, రెండు ఊళ్లూ పొద్దున వెళ్లి రాత్రికి రాగల దూరమే. మెరుస్తున్నదాన్ని వదిలి మురికిగా ఉన్నదాన్ని ఎంచుకోండి. వందేళ్లు దాటిన వస్తువును విదేశాలకు పంపాలనుకుంటే 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డురావచ్చు, ముందుగా భారత పురావస్తు శాఖను అడగాలి.

ఇక ఏడాదికి రెండుసార్లు, దీపావళి ముందు ఒకసారి, ఉగాది తరవాత ఒకసారి, ప్రెస్సు నట్లు వదులు చేసి రాకెట్‌ను బయటకు తీయాలి. నల్ల కాగితం మీద తట్టి పొడి రాలుతోందేమో చూడాలి, గాజు బల్ల మీద పడుకోబెట్టి సందును మళ్లీ కొలిచి, మొదటి రోజు రాసిన అంకె కిందనే తేదీ వేసి రాయాలి. ఆ తరవాత ఎదురెదురు మూలలు మార్చుకుంటూ నట్లను వేళ్లతో బిగించి, సంచి తొడిగి లోపల పెట్టేయాలి.